పులికాట్‌లో రోడ్డు దిగొద్దు తల్లీ

రమా తల్లీ,

సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దర్నీ పులికాట్ సరస్సుకి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో, రాత్రి అంత టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

నీళ్ళు, టోపీలు పెట్టుకోండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల బట్టలొద్దు. తెల్లారేసరికి సూళ్ళూరుపేటలో ఉండండి. ముందు నేలపట్టు పక్షుల కేంద్రం చూడండి, పేట నుంచి ఇరవై కిలోమీటర్లు. చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్లమీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పిల్ల తన తల్లి గొంతులోకి తల దూర్చి చేప తినడం వాచ్ టవర్ మీంచి కనిపిస్తుంది. పిల్లల్ని అరవనివ్వకు. తల్లి బెదిరి లేచిందంటే కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది.

ఇక శ్రీహరికోట రోడ్డు. సరస్సు మధ్యలోంచే పోతుంది కాబట్టి రెండువైపులా పక్షులే. ఎంతసేపైనా చూడండి, రోడ్డు మాత్రం దిగొద్దు.

మీ నాన్నకి అప్పుడు తొమ్మిదేళ్ళు, నాకు పంతొమ్మిది. ఫిబ్రవరి నెల. నీళ్ళు వెనక్కి తగ్గి ఒడ్డంతా ఎండి, పగుళ్ళిచ్చి ఉంది. దూరంగా ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి మేస్తున్నాయి. "అక్కా, ఇంకొంచెం దగ్గరికి" అన్నాడు. నేల గట్టిగానే ఉంది కదా అని నేనే చెయ్యిపట్టి నడిపించాను. వంద అడుగులు పోయామో లేదో పైపెచ్చు విరిగింది. కింద కాళంగి, స్వర్ణముఖి నదులు ఏళ్ళతరబడి తెచ్చిపోసిన ఒండ్రు, నల్లటి బురద. వాడు తొడలదాకా దిగిపోయాడు. లాగబోతే నా కాళ్ళూ దిగబడ్డాయి. నేను పెట్టిన కేకకి గుంపంతా నీళ్ళమీద పరిగెత్తి, గులాబీ, నలుపు రెక్కలు విప్పి లేచింది. వాడు ఏడుపాపి అటే చూస్తున్నాడు. నేను బురద వాడి నడుం దాటుతుందేమోనని చూస్తున్నాను. వల భుజానేసుకుని వస్తున్న ఒక పెద్దాయన, కదలొద్దని అరిచి, తన గడకర్ర అడ్డంగా వేసి ఇద్దర్నీ లాగాడు. ఇంట్లో కాలవలో పడ్డామని చెప్పాను. మీ నాన్న చివరిదాకా అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

నువ్వూ వాడి కూతురివే, "ఇంకొంచెం దగ్గరికి" అనే రకం. ఆరోజు మావల్ల మేత వదిలేసి అన్ని పక్షులు ఎగిరిపోయాయన్నది కూడా నాకింకా మనసులో ఉంది. అందుకే మీ నాన్న దుర్భిణి కొరియర్ చేస్తున్నాను. అద్దాలు తుడిచాను. పెద్దవాడి మెడకి తాడు పొడుగవుతుందని ఒక ముడి వేశాను, విప్పకు.

మీ అత్త