క్లెప్ పరీక్షలతో ఇంజనీరింగ్ డిగ్రీ: సగం లెక్క కుదరదు

అమెరికాలో టెక్నీషియన్‌గా పనిచేస్తూ, సగం క్రెడిట్లు క్లెప్ పరీక్షలతో (క్లాసుకు వెళ్లకుండా రాసి పాసైతే కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టేవి) తెచ్చుకుని మిగతా సగం ఆన్‌లైన్‌లో చదివితే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తవుతుందా అని అడిగారు. పూర్తవుతుంది, నేను పూర్తిచేశాను. ఆ ‘సగం’ మాట మాత్రం మరిచిపోండి. అది నమ్మి నేను ఏడాదికి పైగా పోగొట్టుకున్నాను.

డిగ్రీకి 120 పైచిలుకు క్రెడిట్లు కదా, పరీక్షకు 3 చొప్పున 20 పరీక్షలు రాస్తే సగం దూరం వచ్చేసినట్టే అనుకున్నాను. డ్యూటీ దిగి వచ్చి రాత్రిళ్లు చదివేవాడిని. సోషియాలజీ, సైకాలజీ, అమెరికా చరిత్ర, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్, ఇలా ఏది తేలికనిపిస్తే అది. పరీక్ష దాదాపు 90 నిమిషాలు. 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో సాధారణంగా 50 వస్తే చాలు. మోడర్న్ స్టేట్స్ అనే వెబ్‌సైటులో ఉచిత పాఠాలు పూర్తిచేస్తే పరీక్ష ఫీజుకు వోచరు కూడా ఇస్తారు. అలా 33 క్రెడిట్లు పోగేశాను. తీరా విశ్వవిద్యాలయంలో చేరాక డిగ్రీకి లెక్కించినవి 15. మిగతా 18 బీరువాలో పట్టుబట్టల్లా ఇప్పటికీ నా రికార్డులో భద్రంగా ఉన్నాయి.

తప్పు నాదే. బిజినెస్ డిగ్రీలో నచ్చిన సబ్జెక్టు పెట్టుకునే ఖాళీలు బోలెడు. ఇంజనీరింగ్‌లో దాదాపు ఉండవు. ఏబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపున్న ఇంజనీరింగ్ డిగ్రీలో గణితం, మూల విజ్ఞానశాస్త్రాలు కలిపి కనీసం 30 క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాలు కనీసం 45 క్రెడిట్లు ఉండి తీరాలి. సర్క్యూట్లకు క్లెప్ లేదు. కాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్‌కూ లేదు. కెమిస్ట్రీకి ఉంది గాని, ల్యాబు విడిగా చేయమన్నారు.

అంతకంటే ఆలస్యంగా తెలిసిన సంగతి ఇంకొకటి. ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ 1, 2, అవకలన సమీకరణాలు, సర్క్యూట్లు, సిగ్నల్స్, చివర డిజైన్ ప్రాజెక్టు: ఇవి ఒక గొలుసు. ముందుది పాసవకుండా తర్వాతిది తీసుకోనివ్వరు. డిగ్రీకి ఎన్నేళ్లు పడుతుందో ఈ గొలుసే చెబుతుంది. అన్ని క్రెడిట్లు చేతిలో పెట్టుకుని కూడా నేను గొలుసు మొదట్లోనే నిలబడి ఉన్నాను. సోషియాలజీ పరీక్ష ఒక సబ్జెక్టు బరువు తగ్గిస్తుంది, కాలం తగ్గించదు. ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ పరీక్షలైతే ఒక్కోటి ఒక్కో సెమిస్టరు తగ్గిస్తాయి. మీ శ్రమంతా అక్కడ పెట్టండి.

అక్కడా ఒక చిక్కుంది. కాలిక్యులస్‌లో నాకు 53 వచ్చింది, పండగ చేసుకున్నాను. ఆ పరీక్షలో ఎక్కువ భాగం అవధులు, అవకలనం. సమాకలనం ఉంటుంది గాని మొదటి మెట్టు వరకే. కాలిక్యులస్ 2 ఆ సమాకలనం మీదే మొదలైంది, రెండు నెలలు చుక్కలు కనిపించాయి. 53కీ 65కీ తేడా క్రెడిట్లలో కనిపించదు, క్లాసులో కనిపిస్తుంది. నమూనా పరీక్షల్లో బొటాబొటిగా గట్టెక్కుతుంటే కాలిక్యులస్ 1 క్లాసులోనే కూర్చోండి.

ఆన్‌లైన్‌లో ఏబెట్ ఇంజనీరింగ్ ఇచ్చే చోట్లు తక్కువ. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఉంది. నార్త్ డకోటా విశ్వవిద్యాలయంలోనూ ఉంది, ల్యాబులకు వేసవిలో అది ఉన్న ఊరు గ్రాండ్ ఫోర్క్స్ వెళ్లాలి. బయటి క్రెడిట్లను ధారాళంగా కలుపుకునే ఎక్సెల్సియర్ యూనివర్సిటీ వంటి చోట దొరికేది ‘ఇంజనీరింగ్ టెక్నాలజీ’. అది చిన్నచూపు చూడాల్సిన డిగ్రీ కాదు, నా తోటివాళ్లు ఇద్దరు దానితోనే మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. కానీ ఏబెట్‌లో దానికి గుర్తింపునిచ్చే విభాగం వేరు. ముందుముందు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు కావాలంటే ఆ డిగ్రీకి కొన్ని రాష్ట్రాలు అదనపు అనుభవం అడుగుతాయి, కొన్ని ఒప్పుకోవు. మీ రాష్ట్ర బోర్డు నిబంధన ఇప్పుడే చదివి పెట్టుకోండి.

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాకే పరీక్షలు ఎంచుకోండి. వాళ్ల క్లెప్ పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఫలానా పరీక్ష నా డిగ్రీలో ఏ సబ్జెక్టు స్థానంలో చేరుతుందని డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోనులో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. కనీసం 30 క్రెడిట్లు తమ దగ్గరే చదవాలనే నియమం కూడా చాలాచోట్ల ఉంటుంది, అదీ అడగండి.

వచ్చే నెల సోషియాలజీకి ఫీజు కట్టేశానన్నారు కదా, రాసేయండి. సాంఘిక శాస్త్రాల కోటాలో చాలాచోట్ల పనికొస్తుంది. ఆ తర్వాత ఇంకో తేలిక సబ్జెక్టు వైపు చూడకుండా ప్రీకాలిక్యులస్ కోసం త్రికోణమితి పుస్తకం తీయండి. ఆ పరీక్షలో ఫెయిలైతే మళ్లీ రాయడానికి 3 నెలలు ఆగాలి, ఈలోగా సెమిస్టరు మొదలైపోతుంది.