కుక్కతో నడిచేటప్పుడు బెదిరింపులు: ఫిర్యాదు ఎలా రాయాలి?

ప్రశ్న: నెల్లూరు దర్గామిట్టలో ఉంటాం. రోజూ పొద్దున్నే మా కుక్కకు గొలుసు వేసి వీధిలో తిప్పుతాను. వారంలో రెండుసార్లు ఇద్దరు కొత్తవాళ్లు బైకు అడ్డం పెట్టి, ‘మళ్లా ఈ వీధికి తోలకొచ్చినావంటే దాని కాళ్లూ నీ కాళ్లూ ఇరగ్గొడతాం’ అన్నారు. నిన్న ఒకడు దాన్ని కర్రతో కొట్టాడు, కుంటుతోంది. కేసు పెట్టొచ్చా? - ఒక గృహిణి

జవాబు: పెట్టొచ్చమ్మా. కాకపోతే ‘అసభ్యంగా మాట్లాడారు, బెదిరించారు’ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకండి. వాళ్లన్న మాట అన్నట్టే, ఆ యాసలోనే రాయండి. ‘నీ సంగతి చూస్తాం’ అనడం వేరు, కాళ్లు విరగ్గొడతామనడం వేరు. ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయం. అలాంటి బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత 351(3) కింద 7 ఏళ్ల వరకు జైలు. మామూలు బెదిరింపుకు 2 ఏళ్ల వరకే.

బైకు అడ్డం పెట్టిన సంగతి తప్పక రాయండి. దారి అడ్డగించడానికి 126(2) కింద శిక్ష చిన్నదే, నెల జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. అయినా అది పోలీసులు కోర్టు అనుమతి లేకుండా కేసు కట్టగల నేరం. అలాంటిది ఒక్కటున్నా మిగతా నేరాలనూ కలిపి దర్యాప్తు చేయొచ్చు. ‘కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకోండి’ అని తిప్పి పంపడానికి వీలుండదు. జరగనిది మాత్రం ఒక్క మాటా చేర్చకండి.

కుక్కను ఈరోజే పశువైద్యశాలకు తీసుకెళ్లి, గాయం ఎక్కడ, ఎంత అన్నది తేదీతో రాయించుకోండి. కాలు శాశ్వతంగా పనికిరాకుండా పోతే 325 కింద 5 ఏళ్ల వరకు శిక్ష. ఉత్త దెబ్బయితే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. మూగజీవి బాధకు ఇంతేనా అనిపిస్తుంది, నాకూ అది అన్యాయమే. అందుకే డాక్టరు కాగితం అంత ముఖ్యం.

వీధిలో సీసీ కెమెరా ఉంటే వెంటనే అడగండి, కొన్నాళ్లకు పాత రికార్డు చెరిగిపోతుంది. ఫోన్లో తీసిన వీడియో ఉంటే అసలుది తీసేయకండి. మళ్లీ అడ్డగిస్తే వాదించకుండా 112కు ఫోన్ చేయండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు. ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100.

వాళ్లు ఎదురు కేసు పెడతారు, ‘కుక్కే మీద పడింది’ అని. జంతువును అదుపులో పెట్టుకోకపోవడం న్యాయ సంహిత 291 కింద నేరం, 6 నెలల వరకు జైలు. కాబట్టి రేబిస్ టీకా పుస్తకం దగ్గరుంచుకోండి, మనిషి కనబడగానే గొలుసు కురచగా పట్టుకోండి. ఎంత కోపం వచ్చినా ‘ఉస్కో’ అనకండి. భయపెట్టడానికి కుక్కను ఉసిగొల్పడం నేరపూరిత బలప్రయోగం. సెక్షన్ 129లో సరిగ్గా ఈ ఉదాహరణే ఉంది.