పైథాన్ నుంచి పాత ఫోర్ట్రాన్ కోడ్‌ను పిలిస్తే ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు. ఎందుకు?

చాలాసార్లు తప్పు లెక్కలో ఉండదు, మ్యాట్రిక్స్‌ను మెమరీలో పేర్చే తీరులో ఉంటుంది. పై వరుసలో 1 2 3, కింద 4 5 6 ఉన్నాయనుకోండి. పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ నంపై మామూలుగా అడ్డంగా పేరుస్తుంది: 1 2 3 4 5 6. ఫోర్ట్రాన్ నిలువుగా: 1 4 2 5 3 6. అందుకే నంపై ఇచ్చినదాన్ని ఫోర్ట్రాన్ చదివితే దానికి పై వరుస 1 3 5గా కనిపిస్తుంది. అంకెలన్నీ ఉన్నాయి కాబట్టి అది నోరు మెదపదు.

బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉన్నప్పుడు మా రూమ్మేట్ దీనితోనే రెండు రాత్రులు కుస్తీ పట్టాడు. టెస్టులన్నీ పాస్! తీరా చూస్తే టెస్టుకు సిమెట్రిక్ మ్యాట్రిక్స్ (వరుసలు, నిలువులు తారుమారు చేసినా మారనిది) ఇచ్చాడు. దాన్ని అడ్డంగా చదివినా నిలువుగా చదివినా ఒకటే కదా.

ఫోర్ట్రాన్ కోడ్‌ను పైథాన్‌కు కలిపే ఎఫ్2పై అనే టూల్ వాడితే ఇన్‌పుట్ అర్రేలను అదే కాపీ చేసి సర్దుతుంది, కాకపోతే పెద్ద డేటాకు ఆ కాపీ బరువే. బయటి లైబ్రరీలను పిలిచే పైథాన్ మాడ్యూల్ సీటైప్స్‌తో నేరుగా పిలిస్తే బాధ్యత మీదే: అర్రేను మొదటే ఫోర్ట్రాన్ ఆర్డర్‌లో (నిలువుగా) తయారు చేసుకోండి. ఫోర్ట్రాన్ వైపు కోడ్ మార్చే వీలుంటే, ఫోర్ట్రాన్ 2003 ప్రమాణంలో వచ్చిన ఐసో సీ బైండింగ్‌తో (సీ భాష టైపులకు సరిపోయే టైపులు ఇచ్చే మాడ్యూల్) టైపులు ప్రకటించండి. 8 బైట్ల సంఖ్యను 4 బైట్లుగా చదివే గొడవ తప్పుతుంది.