కాసులపేరు సంగతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల తన సంపాదనను తానే మదుపు చేసుకోవాలనుకున్నందుకు గర్వపడ్డాను. ఆ వెంటనే, షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసే ఆప్షన్లు కూడా చేస్తానంటున్నావని విని రాత్రంతా నిద్రపట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలిక విషయాలు ముందే చెప్పేస్తాను. ఆరు నెలల ఖర్చులకు సరిపడే డబ్బు బ్యాంకులో విడిగా ఉంచుకో; ఆరోగ్య బీమా తీసుకో; ఖాతాలో నామినీ పేరు నమోదు చెయ్యి. మొదట్లో ఒక సూచీలోని కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండులో, అదీ ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లానులో, నెలనెలా సిప్ కడితే చాలు. టెలిగ్రాంలో టిప్పులిచ్చేవాళ్ళ జోలికి పోకు.

ఇక అసలు సంగతి. 2008 జనవరి రెండో వారంలో, పెద్ద కంపెనీల షేర్ల ధరలను కొలిచే సూచీ సెన్సెక్స్ 21,000 దాటింది. నా షేర్లు రెండేళ్ళలో రెట్టింపైతే అదంతా నా తెలివేనని నమ్మాను. మీ పెద్దమ్మకు చెప్పకుండా ఆమె కాసులపేరు బ్యాంకులో తాకట్టు పెట్టి, ఆ డబ్బుకు బ్రోకరు ఇచ్చిన అప్పు కూడా కలిపి మరిన్ని షేర్లు కొన్నాను. జనవరి 21, సోమవారం నాడు సెన్సెక్స్ 1,400 పాయింట్లకు పైగా పడింది. తెల్లవారేసరికి మార్జిన్, అంటే అప్పుకు పూచీగా ఉంచాల్సిన డబ్బు, కట్టకపోతే షేర్లు అమ్మేస్తామని ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. మర్నాడు సెలవు పెట్టి, ఖాతాలో పైసా లేకపోయినా చెక్కుపుస్తకం జేబులో పెట్టుకుని బ్రోకరు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మార్కెట్ తెరిచిన నిమిషాల్లోనే 10 శాతం పడి, ట్రేడింగ్ గంటసేపు ఆగిపోయింది. మళ్ళీ మొదలవగానే నా షేర్లన్నీ అమ్మేశారు. సాయంత్రానికి సూచీ ఆ అడుగు నుంచి వెయ్యి పాయింట్లకు పైగా లేచింది. అప్పిచ్చినవాడు తన డబ్బు తాను చూసుకున్నాడు, అతణ్ణి తప్పుపట్టను.

ఆ అక్టోబరులో సెన్సెక్స్ 8,000 కిందికి కూడా దిగింది, కానీ 2010 నవంబరులో మళ్ళీ 21,000కు చేరింది. సొంత డబ్బుతో కొన్నవాళ్ళకు అంతకాలం ఆగే వీలుంది, నాకు ఒక్క రాత్రే గడువు దొరికింది. నా షేర్లలో ఒకటి రెండు నేటికీ ఆనాటి ధర చూడలేదు, ఇండెక్స్ ఫండు అనడం అందుకే.

ఆ మాఘంలో మీ చిన్నత్త పెళ్ళి. కాసులపేరు తీసుకురమ్మని పెద్దమ్మ అడిగితే లాకరు తాళం కనబడడం లేదన్నాను. పెళ్ళి ఫోటోలో నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఆమె మెడలో నల్లపూసలు తప్ప మరేమీ లేవు, ఎప్పుడైనా చూడు. దాన్ని విడిపించడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

షేర్లు కొనడానికి బ్రోకరు ఇచ్చే ఆ అప్పే ఇప్పుడు ఎంటీఎఫ్ అన్న పేరుతో నీ ఫోనులో ఒక్క మీట దూరంలో ఉంది, దాన్ని నొక్కకు. ఆప్షన్లలోనూ కొద్ది డబ్బుతో పెద్ద పందెమే కాస్తారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆప్షన్లు, వాటిలాంటివే అయిన ఫ్యూచర్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీయే లెక్క తేల్చింది. నువ్వు చదువుకున్నదానివి, మిగతా ఏడుగురిలో నేనుంటానని వాదిస్తావు. 2008లో నేనూ అదే వాదించాను తల్లీ.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఖాతా వివరాలు తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ పెద్దమ్మ పక్కనుంచి తొంగిచూస్తూ, "లాకరు తాళం సంగతి కూడా రాశారా?" అని అడుగుతోంది. రాశానని చెప్పాను.

ఇట్లు,
మీ పెదనాన్న