డబ్ల్యూపీసీ డెక్ బోర్డులు ఎండకి లేచిపోతాయా?

తోటలో చెక్కకి బదులు డబ్ల్యూపీసీ డెక్ (బోర్డులు పరిచిన ఆరుబయటి అరుగు) వేయొచ్చా, ఏడాది తిరక్కుండానే బోర్డులు లేచిపోతాయంటున్నారు నిజమేనా అని అడిగారు. వేయొచ్చు. లేచిపోయే మాటా నిజమే, కానీ చాలాచోట్ల తప్పు సరుకుది కాదు, బిగించిన తీరుది.

డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్) అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డు. చెక్క తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఇది వేడికి పొడవునా సాగుతుంది. 3 మీటర్ల బోర్డు 40 డిగ్రీల తేడాకి సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. ఎండలో ముదురు రంగు బోర్డుకి ఆ తేడా మామూలే. అందుకే బోర్డుకీ బోర్డుకీ చివర్ల దగ్గర 5-6 మి.మీ., గోడ పక్కన 10 మి.మీ. సందు వదలాలి. చల్లటి పూట బిగిస్తే ఇంకాస్త ఎక్కువ వదలండి. ఒక్కో బోర్డుకి నడిమధ్యన ఒకే స్క్రూ దించి, మిగతాదంతా బోర్డుని వదులుగా పట్టి ఉంచే క్లిప్పుల మీద వదిలేస్తే రెండు వైపులకీ సాగుతుంది. రెండు చివర్లా స్క్రూలు కొట్టేస్తే దారి దొరక్క మధ్యలో విల్లులా లేస్తుంది. కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి, లేదంటే వారంటీ ఇవ్వరు.

కింది ఫ్రేమ్‌లో జాయిస్టులు (బోర్డులని మోసే అడ్డ పైపులు) మధ్య నుంచి మధ్యకి 300-350 మి.మీ. దాటొద్దు. బోర్డులు ఐమూలగా వేస్తే ఇంకా దగ్గరగా. 450కి పెట్టి ఇనుము మిగిల్చారనుకోండి, వేసవిలో ప్లాస్టిక్ మెత్తబడి బోర్డు కుంగుతుంది, ఆ కుంగుడు చలికాలానికీ పోదు. రెండు బోర్డుల చివర్లు కలిసేచోట జంట జాయిస్టులు వేసి, ఒక్కో చివరకి ఒక్కో జాయిస్టు ఆనించాలి. జాయిస్టులకి వాడే గాల్వనైజ్డ్ (జింక్ పూత ఉన్న) బాక్స్ పైపు కోసిన ప్రతిచోటా జింక్ పెయింట్ కొట్టించండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. స్క్రూలు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 రకం. ఈతకొలను పక్కన, సముద్రపు గాలి తగిలేచోట 316 రకం.

డెక్ కింద నేల మీటరుకి 10 మి.మీ. వాలు ఉండాలి, గాలి ఆడాలి. అందం కోసం నాలుగు పక్కలా మూసేస్తే తేమ నిలిచి బూజు పడుతుంది. మట్టి మీద నేరుగా పరచడం అసలే వద్దు.

బోర్డు ఎంపికలో లోపల ఖాళీగా ఉండే బోలు రకం తేలిక, చవక. కానీ బరువు కుండీలు పెట్టేచోట లోపల నిండుగా ఉండే గట్టి రకమే మేలు. పైన పాలిమర్ (ప్లాస్టిక్) పొర ఉన్నది తీసుకుంటే మరకలు లోపలికి ఇంకవు. పొర లేనిది మొదటి నెలల్లోనే కొంత వెలుస్తుంది, అది లోపం కాదు. ముదురు రంగు మీద ఒట్టి కాళ్లతో నిలబడలేరు. నమూనా ముక్కని మధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టి, తాకి చూశాకే రంగు ఖాయం చేసుకోండి.