టెక్ సందేహాలు: ఫైర్‌వాల్ లేని క్లస్టర్

ప్రశ్న: నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) తయారుచేసి, దాన్నే క్లోన్ చేసి (నకలు తీసి) మొత్తం నాలుగింటిని క్లస్టర్‌గా, అంటే కలిసి పనిచేసే గుంపుగా పెట్టాను. ఒక్కోదానికి నాలుగు కోర్లు ఇచ్చి ఎంపీఐ ప్రోగ్రామ్‌ని (ప్రాసెస్‌లు మెసేజ్‌లు పంపుకుంటూ ఒకే పనిని పంచుకునేది) 16 ప్రాసెస్‌లతో నడిపితే మునుపటికంటే నెమ్మదించింది. క్లస్టర్ గైడ్‌లో చెప్పినట్టు నెట్‌వర్క్‌కి బ్రిడ్జ్ మోడ్ పెట్టి, ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే కాపలా) కూడా ఆపేశాను. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు స్పీడు సంగతి. ఉన్నవి నాలుగు కోర్లే. కానీ ఏ మెషీన్‌కామెషీన్ ఆ నాలుగూ తనవే అనుకుంటోంది. పైగా ఎంపీఐ ప్రాసెస్ మెసేజ్ కోసం ఎదురుచూసేటప్పుడు ఊరికే ఉండదు, వచ్చిందా వచ్చిందా అని చూస్తూ కోరునంతా వాడేస్తుంది. అసలు పని ఉన్న ప్రాసెస్‌కి చోటు దొరకదు. మెషీన్‌కి ఒక్క కోరే ఇచ్చి, హోస్ట్‌ఫైల్‌లో (మెషీన్ల జాబితా ఉండే ఫైలు) స్లాట్లు, అంటే మెషీన్‌కి ఎన్ని ప్రాసెస్‌లన్నది, ఒకటి చేయండి. వేగమే ముఖ్యమైతే వర్చువల్ మెషీన్లు వదిలేసి నాలుగు ప్రాసెస్‌లనూ నేరుగా ల్యాప్‌టాప్‌లోనే నడపండి.

నాకు టెన్షన్ పెట్టింది ఆ ఫైర్‌వాల్ మాట. ఇదే కథతో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎంపీఐ మామూలుగా ఏ పోర్టు (కనెక్షన్‌కి వాడే నంబరు) ఖాళీగా ఉంటే అది తీసుకుంటుంది, ఫైర్‌వాల్ అడ్డుకుంటే ప్రోగ్రామ్ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతుంది. దానికి గైడ్లు చెప్పే మందు ‘ఆపేయండి’. అలా రాసి వదిలేయడం బాధ్యత లేని పని. బ్రిడ్జ్ మోడ్‌లో మీ నాలుగు మెషీన్లూ అదే వైఫైలో ఉన్న మిగతా పరికరాలకు నేరుగా అందుబాటులో ఉంటాయి.

దీనికి తోడు ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే ఒక మెషీన్ నుంచి ఇంకోదాంట్లోకి లాగిన్ అవడానికి వాడే తాళంచెవి లాంటి ఫైళ్ల జత. పాస్‌వర్డ్ అడగకూడదని పాస్‌ఫ్రేజ్ (కీకి కాపలాగా పెట్టే రహస్య పదం) లేని కీ పెట్టి ఆ తర్వాత క్లోన్ చేసుంటే, ప్రైవేటు కీ (జతలో రహస్యంగా ఉంచాల్సినది) నాలుగింట్లోనూ ఉన్నట్టే. ఒకటి చేజారితే నాలుగూ పోతాయి. అదే కీతో ఆఫీసు సర్వర్‌లోకీ వెళుతుంటే అదీ పోతుంది. ఆ ఇమేజ్‌ని స్నేహితుడికి కాపీ చేసి ఇస్తే కీ కూడా చేతిలో పెట్టినట్టే. క్లోన్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) మార్చాలా అని అడిగే సాఫ్ట్‌వేర్, లోపలున్న కీల గురించి ఒక్క మాట హెచ్చరిస్తే ఏం పోయింది?

ఈ రోజే నెట్‌వర్క్‌ని హోస్ట్-ఓన్లీకి (మెషీన్లు తమలో తాము, మీ ల్యాప్‌టాప్‌తో మాత్రమే మాట్లాడే మోడ్) మార్చండి. ఫైర్‌వాల్ ఆన్ చేసి, ఆ సబ్‌నెట్‌కి (ఆ చిన్న నెట్‌వర్క్‌లోని అడ్రస్‌లకి) మాత్రమే దారి ఇవ్వండి. పాత కీ తీసేసి క్లస్టర్ కోసమే ఒక కొత్త కీ చేయండి. ప్రైవేటు కీ మొదటి మెషీన్‌లో ఉంటే చాలు, మిగతా మూడింటికీ దాని జోడీ పబ్లిక్ కీ సరిపోతుంది. క్లోన్లలో ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలనూ (ఏ మెషీన్ అన్నది గుర్తించే కీలు) మెషీన్ ఐడీనీ కొత్తగా పుట్టించండి. ఐడీ ఒకటే అయితే రెండు మెషీన్లకు ఒకే ఐపీ అడ్రస్ వచ్చి గంటలు వృథా అయ్యే అవకాశముంది. ఓపెన్ ఎంపీఐ (ఎంపీఐ సాఫ్ట్‌వేర్లలో ఒకటి) రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, నడవనని మొరాయిస్తే, దాన్ని ఒప్పించే ఆప్షన్ వెతక్కుండా మామూలు యూజర్‌ని పెట్టుకోండి.