పగడంలో కాపురముండే ఆల్చిప్పల గురించి రాస్తున్న సుధకు

అమలాపురం

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

నీ వ్యాసం చదివానమ్మా. మంచి విషయం ఎత్తుకున్నావు. కానీ మొదటి పేరాలోనే పగడపు దిబ్బను అంతర్వేది దగ్గర పెట్టేశావు. అక్కడ అది బతకదు. గోదావరి వరద తెచ్చే ఒండ్రుతో నీరు మసకబారి పగడంలో ఉండే శైవలాలకు (కంటికి కనబడని నాచుకు) వెలుతురు అందదు, ఉప్పదనమూ పడిపోతుంది. దిబ్బను మన్నార్ సింధుశాఖకో అండమాన్‌కో మార్చు. మన కోనసీమ పాఠకుడికి దగ్గర చేయాలంటే కోరంగి మడచెట్ల కర్రనీ, పడవల అడుగుచెక్కనీ తొలిచే పురుగుతో మొదలుపెట్టు. పొడవాటి మెత్తని ఒళ్లు, ముందు కొసన రెండు చిన్న చిప్పలు. అదీ ఆల్చిప్పల కులమే. ఆ చిప్పలతోనే చెక్కను రాకుతుంది.

ఇక అసలు సంగతి. లిథోఫాగా, పెడమ్, ట్రైడాక్నా క్రోసియా అనే మూడు ఆల్చిప్పల్నీ "పగడాన్ని తొలిచి ఉంటాయి" అని ఒకే గాటన కట్టావు. ఆల్చిప్ప ఉండే ఆ గది ఎవరు కట్టారో తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా ముందుకు పోనివ్వకు.

లిథోఫాగా తొలిచే మాట నిజమే, కానీ రాకి కాదు. మాంటిల్ (చిప్ప లోపల ఒంటిని కప్పే మెత్తని పొర) గ్రంథుల నుంచి ఊరే స్రావం సున్నపురాయిని కరిగిస్తుంది. చిప్ప మీదున్న గోధుమరంగు పొర ఆ స్రావం నుంచి దాన్నే కాపాడుతుంది. బతికున్న పగడంలో దానికి ఇంకో పని ఉంది: పగడం పైకి పెరుగుతూ వాకిలి మూసేయబోతుంది కాబట్టి తనూ పైకి జరుగుతూ, వెనక ఖాళీని సున్నంతో పూడ్చుకోవాలి. బయటికి కనిపించేది తాళంచెవి కన్నంలాంటి చిన్న రంధ్రం మాత్రమే. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, ఇంకో పేరా ఇవ్వు.

పెడమ్ తొలవదు. పిల్లప్పుడే పగడం మీద దారాలతో అతుక్కుంటుంది, పగడమే దాని చుట్టూ పెరుగుతుంది. సన్నని చీలికలోంచి చూస్తే మాంటిల్ అంచున వరసగా చిన్న చిన్న కళ్లు.

ట్రైడాక్నా క్రోసియా రాక్షస ఆల్చిప్పల్లో అన్నిటికన్నా చిన్నది, సుమారు 15 సెంటీమీటర్లు. అడుగునుంచి దిగుతూ రాయిలో కూరుకుంటుంది. పాదం దగ్గరి మాంటిల్ ఆమ్లం విడుస్తుందని 2018లో చూపించారు. దాని మాంటిల్‌లోనూ శైవలాలున్నాయి, అందుకే రంగుల అంచును వెలుతురులోకి పరుస్తుంది.

తేడా పట్టే దారి చెబుతాను. పగడం పలుచని ముక్క ఎక్స్‌రేలో ఏటేటి పెరుగుదల చారలు కనిపిస్తాయి. తొలిచిన చోట చారలు తెగి ఆగిపోతాయి. చుట్టూ పెరిగిన చోట వంగి పక్కకు తప్పుకుంటాయి. లిథోఫాగా బతికున్న పగడంలో ఉంటే రెండూ కలిసి కనిపించవచ్చు, అక్కడ తొందరపడి తీర్పు రాయకు.

"పగడాన్ని తింటాయి" అన్న వాక్యం కొట్టెయ్. ఇవి నీటిని వడగట్టి సన్నని జీవుల్ని తింటాయి. లిథోఫాగా వల్ల పగడపు అస్థిపంజరం బోలుబారి అలలకు విరగడం నిజం. దాని అమ్మోనియా పగడపు శైవలాలకు నత్రజనిగా పనికొస్తుందన్న వాదనా ఉంది. ఈ రెండు మాటలూ వ్యాసంలో రాయమ్మా.

నమూనా కోసం పగడం విరవకు, కొనకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకు రక్షణ ఉంది. ఫోటో చాలు: పక్కన స్కేలు పెట్టి, రంధ్రానికి సూటిగా ఎదురునుంచి తీయించు. పక్కవాటంగా తీస్తే తాళంచెవి కన్నం ఆకారం మారిపోయి కనిపించవచ్చు.

దిద్దిన ప్రతి పంపమ్మా, చూస్తాను.